బాలల హక్కుల శిక్షణ: ఫ్లెక్సీ కొట్టించే ముందు చేయాల్సిన పనులు

నేను మొదటిసారి బాలల హక్కుల మీద శిక్షణ ఇచ్చింది ఒక మండల ఆఫీసు మీటింగ్ హాల్లో. ఐక్యరాజ్య సమితి ఒడంబడిక, 1989 నవంబరు 20, అందులో 54 అధికరణలు, 1992లో మన దేశం దానికి ఒప్పుకోవడం, అన్నీ పొల్లుపోకుండా చెప్పాను. చప్పట్లు కూడా కొట్టారు. సాయంత్రం బస్సు కోసం నిలబడి ఉంటే ఒక అంగన్‌వాడీ టీచరు పక్కకొచ్చింది. "సార్, మా ఊళ్లో ఎల్లుండి పెళ్లి ఉంది. పిల్ల తొమ్మిదో తరగతి. ఎవరికి చెప్పాలి? నా పేరు బయటికి రాకుండా ఎలా చెప్పాలి?" అని అడిగింది. పొద్దున్నుంచి ఆరు గంటలు మాట్లాడాను. ఆ రెండు ప్రశ్నలకు జవాబు మాత్రం ఎక్కడా చెప్పలేదు.

అప్పట్నుంచి శిక్షణను వెనక నుంచి తయారు చేసుకుంటున్నాను. సాయంత్రం బస్సెక్కేటప్పటికి ఆ మనిషికి ఏం తెలిసి ఉండాలి? ఒక పిల్ల వచ్చి ఏదైనా చెప్పిన క్షణం నుంచి మర్నాడు అదే వేళ వరకు తను ఏం చేయాలి, ఏం చేయకూడదు, ఏ నంబరుకు ఫోన్ కొట్టాలి. అంతే. మిగతాదంతా దీని చుట్టూ అల్లుకునేదే. మీరు స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నా, అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్‌లో సూపర్‌వైజరైనా, బడిలో ఈ పని మీ నెత్తిన పడ్డా, ఒక మండలం వరకు ఈ పద్ధతిలో చేయొచ్చు. మూడు వారాల టైమ్ పెట్టుకోండి.

అందరినీ ఒకచోట కూర్చోబెట్టొద్దు

అందరికీ కలిపి ఒక్క మీటింగ్ పెట్టేస్తే పనైపోతుందనుకుంటారు. వేదిక మీద పెద్దలు, ముందు వరసలో యూనిఫాంలో బడిపిల్లలు, వెనక ఆశాలు, డ్వాక్రా మహిళలు, తలుపు దగ్గర నిలబడి ఫోన్ చూసుకునే మగవాళ్లు. ఆ హాల్లో ఎవరూ నోరు విప్పరు. సర్పంచి ఎదురుగా అంగన్‌వాడీ టీచరు బాల్యవివాహం గురించి ఏం మాట్లాడుతుంది? ఆ పెళ్లికి సర్పంచే పెద్దమనిషి కావచ్చు.

మూడుగా విడగొట్టండి. ఉద్యోగరీత్యా పిల్లలతో పనిచేసేవాళ్లకు ఒక పూర్తి రోజు. ఊరివాళ్లకు సాయంత్రాలు, వాళ్లున్న చోటికే వెళ్లి. పిల్లలకు వాళ్ల బడిలోనే, విడిగా. వరస కూడా ఇదే ఉండాలి, తిరగేయకూడదు. ముందే బడికి వెళ్లి "ఏదైనా ఉంటే మీ టీచరుకు చెప్పండమ్మా" అని వచ్చేశారనుకోండి, ఒక పిల్ల మర్నాడే వెళ్లి చెబుతుంది. ఏం చేయాలో తెలియక ఆ టీచరు కంగారుపడి "ఇవన్నీ ఇంట్లో చెప్పుకో" అందంటే, ఆ పిల్ల మళ్లీ నోరు విప్పడం కష్టం.

ఉద్యోగుల బ్యాచ్ 35 మందికి మించొద్దు. అంగన్‌వాడీ టీచర్లు, ఆశాలు, ఏఎన్‌ఎంలు, ప్రతి హైస్కూలు నుంచి ఒకరు, హాస్టల్ వార్డెన్లు, పంచాయతీ కార్యదర్శులు, వీళ్లతోపాటు పోలీస్ స్టేషన్ నుంచి బాలల సంక్షేమ పోలీసు అధికారి. ఈ చివరి ఆయన సంగతి చాలామందికి తెలియదు. పిల్లల న్యాయం, సంరక్షణ చూసే జువైనల్ జస్టిస్ చట్టం ప్రకారం ప్రతి స్టేషన్‌లో ఏఎస్సై స్థాయికి తగ్గని ఒకరికి ఈ బాధ్యత ఇవ్వాలి. స్టేషన్‌కు వెళ్లి "ఆ అధికారి ఎవరండీ?" అని అడగండి. స్టేషన్ బోర్డు మీద ఆ అధికారిగా తన పేరుందని తెలియని మనిషి కూడా నాకు తగిలాడు.

ముందు మీ మండలం లెక్క తీయండి

ఎక్కడో తయారైన పవర్‌పాయింట్ తెచ్చి తెర మీద వేస్తే మీ మండలం వాళ్లకు అది ఎవరి గోలో అనిపిస్తుంది. మొదటి వారం అంతా తిరగండి. మూడు రిజిస్టర్లు చూస్తే చాలా తెలుస్తుంది.

మొదటిది హైస్కూలు హాజరు పట్టీ. మొత్తం శాతం చూడకండి, నెలనెలా చూడండి. మిరప పండే చోట కోతలప్పుడు ఏడో తరగతి సగం ఖాళీగా కనిపిస్తుంది. పత్తి ప్రాంతంలో పత్తి తీతలప్పుడు అదే కథ. ఉమ్మడి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో విత్తన పత్తి చేలల్లో క్రాసింగ్ (చేత్తో పువ్వుకు పుప్పొడి అద్దే) పనికి ఆడపిల్లలను పెట్టుకోవడం ఏళ్ల తరబడి నడిచింది. పువ్వు ఎత్తుకు పిల్లలు సరిపోతారనీ, వేళ్లు సున్నితంగా ఉంటాయనీ ఒక సాకు, తక్కువ కూలికి వస్తారన్నది అసలు లెక్క. మీ దగ్గర అలాంటి పని ఏదో పట్టుకోండి. ఇటుక బట్టీలుంటే అక్కడికి వలస వచ్చిన కుటుంబాల పిల్లలు ఏ రిజిస్టర్లోనూ ఉండరు, బట్టీకి వెళ్లి లెక్కపెట్టుకోవాల్సిందే.

రెండోది ఏఎన్‌ఎం దగ్గరుండే గర్భిణుల రిజిస్టరు. వయసు గడిలో వరసగా 19, 19, 19 కనిపిస్తే ఒక్క నిమిషం ఆగండి, అసలు వయసు తక్కువైనా అలా రాసి ఉండొచ్చు. ఆవిడతో కూర్చుని టీ తాగుతూ అడగండి, రిజిస్టర్లో లేనిది ఆవిడే చెబుతుంది. పేర్లు మాత్రం రాసుకోవద్దు, అది మీ పని కాదు.

మూడోది పదో తరగతి పాసై ఇంటర్‌లో చేరని ఆడపిల్లల జాబితా. ఇది ఎవరి దగ్గరా రెడీగా ఉండదు. హెచ్‌ఎంతో కూర్చుని ఒక్కో పేరూ అడుగుతూ తయారు చేసుకోవాలి. శాంతా సిన్హా గారి ఎం.వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనిచేసినప్పుడు పట్టుకున్న సూత్రం ఒకటుంది: బడిలో లేని ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ బాలకార్మికులే. ఇంట్లో తమ్ముణ్ని చూసుకునే పిల్ల కూడా అందులోకి వస్తుంది. ఆ సూత్రం పెట్టుకుని చూస్తే "మా మండలంలో బాలకార్మికులు లేరు సార్" అనేవాళ్లు కూడా కాసేపు ఆలోచనలో పడతారు. 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్ ఏర్పడినప్పుడు మొదటి అధ్యక్షురాలు ఆవిడే.

అనుమతి, తేదీ, హాలు

ఉద్యోగులకు ఆన్ డ్యూటీ ఇప్పించకపోతే ఎవరూ రారు, రమ్మనడం న్యాయం కూడా కాదు. మండల విద్యాధికారికి (ఎంఈవో), అంగన్‌వాడీలను చూసే సీడీపీవోకు, మండల వైద్యాధికారికి, ఎస్సైకి విడివిడిగా ఉత్తరాలు పెట్టండి. ఉత్తరంలో పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 43వ సెక్షన్ ప్రస్తావించండి. ఈ చట్టం గురించి టీవీ, రేడియో, పత్రికల ద్వారా జనానికి, పిల్లలకు, తల్లిదండ్రులకు తెలియజేయాలనీ, అధికారులకు, పోలీసులకు ఎప్పటికప్పుడు శిక్షణ ఇవ్వాలనీ ప్రభుత్వాల మీద బాధ్యత పెట్టిన సెక్షన్ అది. "మా సంస్థ తరఫున కోరుతున్నాము" అనే ఉత్తరం ఫైల్లో పడుకుంటుంది. "చట్టం ప్రకారం జరగాల్సిన శిక్షణకు మేం సాయం చేస్తాము" అనే ఉత్తరం కదులుతుంది.

నవంబరు 14న, 20న పెట్టకండి. ఆ రోజుల్లో అందరికీ ఏదో ఒక కార్యక్రమం ఉంటుంది, మీది అందులో కొట్టుకుపోతుంది. పెళ్లి ముహూర్తాలను బట్టి పెట్టుకోండి. మాఘంలో పెళ్లిళ్లు మొదలవుతాయి కాబట్టి డిసెంబరు మంచిది. వేసవి ముహూర్తాల కోసమైతే ఫిబ్రవరి. అంగన్‌వాడీ టీచర్లకు నెలాఖరు రిపోర్టుల టెన్షన్ ఉంటుంది, ఆ వారం వదిలేయండి.

హాలు ఏదైనా సరే, కుర్చీలు గుండ్రంగా వేయగలిగితే చాలు. 35 మందికి మైకు అక్కర్లేదు. మైకు కనిపిస్తే ఎవరో ఒకరు ఉపన్యాసం ఎత్తుకుంటారు.

నంబర్ల కాగితం మీరే డయల్ చేసి చూడండి

నా అనుభవంలో శిక్షణ మొత్తంలో మనుషుల దగ్గర మిగిలే వస్తువు ఇదొక్కటే. ఫోన్ కవరు వెనక పట్టేంత సైజులో అట్ట మీద అచ్చు వేయించండి. పైన పెద్దక్షరాల్లో పిల్లల హెల్ప్‌లైన్ 1098. దాని కింద అత్యవసర సాయానికి 112, మహిళల హెల్ప్‌లైన్ 181, ఉచిత న్యాయ సహాయానికి 15100, ఆన్‌లైన్ మోసాలు, వేధింపులకు 1930. ఆ తర్వాత స్థానికంగా ఐదు: జిల్లా బాలల పరిరక్షణ అధికారి, బాలల సంక్షేమ సమితి (రక్షణ అవసరమైన పిల్లల సంగతి తేల్చేది), ఎస్సై, సీడీపీవో, సఖి కేంద్రం (హింసకు గురైన మహిళలకు సాయం చేసేది). బాల్యవివాహ నిషేధ అధికారి బాధ్యత మీ మండలంలో ఎవరెవరికి ఇచ్చారో కనుక్కుని ఆ పేరు పక్కన గుర్తు పెట్టండి.

అచ్చుకు ఇచ్చే ముందు ప్రతి నంబరుకూ మీరు ఫోన్ చేయండి. రాత్రి ఎనిమిదింటికి ఒకసారి, ఆదివారం ఒకసారి. బదిలీ అయిపోయిన వాళ్ల సొంత నంబర్లు కాగితాల్లో ఎన్నేళ్లయినా అలాగే తిరుగుతుంటాయి. ఆఫీసుకిచ్చిన నంబరుంటే అదే వేయండి.

1098 గురించి ఒక మాట చెప్పాలి. ఇదివరకు ఈ నంబరుకు ఫోన్ చేస్తే స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు వచ్చేవాళ్లు. 2023 నుంచి ప్రభుత్వమే తీసుకుని 112తో కలిపింది, జిల్లా బాలల పరిరక్షణ విభాగం నుంచి మనుషులు కదులుతారు. పాత పద్ధతికి అలవాటుపడ్డవాళ్లు "ఆ సంస్థ ఇప్పుడు లేదు కదా, నంబరు కూడా పోయింది" అనుకుంటున్నారు. నంబరు పోలేదు. హాల్లో అందరి ముందూ స్పీకర్ ఆన్ చేసి ఒకసారి చేసి చూపించండి, శిక్షణలో ఉన్నామని ముందే వాళ్లకు చెప్పి. చేసినవాళ్లు తమ పేరు చెప్పడం ఇష్టం లేదని చెప్పొచ్చన్న సంగతి చెవులారా విన్నాక భయం సగం తగ్గుతుంది. ఆ బస్టాపులో టీచరమ్మకు కావాల్సిన జవాబు అదే.

ఆ రోజు పొద్దున: తాడు ఆట

జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ముఖ్య అతిథి సందేశం మధ్యాహ్నం భోజనాల ముందుకు తోసేయండి. ఆకలి వేళకు ఎవరూ ఎక్కువసేపు మాట్లాడరు. తొమ్మిదిన్నరకు నేరుగా పనిలోకి దిగండి.

ఒక కొబ్బరితాడు తీసుకుని దానికి 24 ముడులు వేయండి. రెండు స్తంభాల మధ్య కట్టండి. ఒక్కో ముడి ఒక గంట. బట్టల క్లిప్పులు, చీటీలు పక్కన పెట్టండి. అప్పుడు ఒక సంఘటన చదవండి. మీరు కల్పించుకున్నదే అయి ఉండాలి, మండలంలో నిజంగా జరిగినది వద్దు. నేను చదివేది ఇది: మధ్యాహ్నం ఒంటిగంట. ఎనిమిదో తరగతి పిల్ల టీచరు దగ్గరికొచ్చి, తమ ఇంటికొచ్చిపోయే ఒక పెద్దాయన రెండు నెలలుగా తనతో తప్పుగా ప్రవర్తిస్తున్నాడనీ, నిన్న సాయంత్రం కూడా జరిగిందనీ చెప్పింది. ఇప్పుడు మీరు ఏ గంటలో ఏం చేస్తారో చీటీ మీద రాసి తాడుకు తగిలించండి.

ఏ బ్యాచ్‌లోనైనా దాదాపు ఒకటే జరుగుతుంది. మొదటి ముడికి "హెచ్‌ఎంకు చెప్పాను". మూడో ముడికి "తల్లిని పిలిపించాను". ఐదో ముడి దగ్గర "సర్పంచి గారితో మాట్లాడాము". ఏడెనిమిది ముడుల దగ్గర "ఆ పెద్దాయన్ని పిలిచి అడిగాము". పోలీసుల చీటీ ఎక్కడో ఇరవయ్యో ముడి దగ్గర వేలాడుతుంటుంది, 1098 చాలాసార్లు తాడు మీదికే రాదు.

ఏమీ అనకండి. ఆ తాడు వెంట నడుస్తూ ప్రతి చీటీ దగ్గరా రెండు ప్రశ్నలు అడగండి: ఇప్పటికి ఆ పిల్ల ఇదే సంగతి ఎన్నోసారి చెప్పింది? ఇప్పటికి ఆ మనిషికి తెలిసిపోయిందా? హెచ్‌ఎంకు ఒకసారి, తల్లికి ఒకసారి, సర్పంచి ఇంట్లో ఆరుగురి మధ్య ఒకసారి. సాయంత్రానికి తల్లి ఆ పిల్ల బట్టలు ఉతికేసింది. రాత్రికి ఆ మనిషి ఊరొదిలాడు, లేదంటే డబ్బు సంచితో వచ్చి కూర్చున్నాడు. హాల్లో చప్పుడు ఆగిపోతుంది.

అప్పుడు చట్టం చెప్పండి, చీటీలు మార్పిస్తూ. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని అనుమానం వచ్చినా ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ. సంస్థ నడిపేవాళ్లు తమ కింద పనిచేసేవాళ్ల నేరాన్ని దాస్తే ఏడాది వరకు శిక్ష, జరిమానా. నిజమని నమ్మి, మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద ఎలాంటి కేసూ ఉండదు. నిజమో కాదో తేల్చే పని టీచరుది కాదు, ఆశాది కాదు, సర్పంచిది అసలే కాదు. కాబట్టి పోలీసులు లేదా 1098 చీటీ ఒకటో ముడికి రావాలి. పెద్దమనుషుల్లో పెట్టి తేల్చడం అనే చీటీ తాడు మీద నుంచి తీసేయాలి. అది నేరాన్ని దాచడం కిందికే వస్తుందని అర్థమయ్యేలా చెప్పండి, ఎందుకంటే ఊళ్లలో దాన్ని మంచితనం అనుకుంటారు.

మిగతా ముడులు కూడా నింపండి. ఎఫ్‌ఐఆర్ కాకపోయినా ఆస్పత్రిలో వైద్య పరీక్ష చేయాలి, ఆడపిల్లకు మహిళా డాక్టరే చేయాలి. పోలీసులు 24 గంటల్లోపు బాలల సంక్షేమ సమితికి, ప్రత్యేక కోర్టుకు సమాచారం ఇవ్వాలి. ఇంట్లోనే ప్రమాదమున్న పిల్లనో, దిక్కులేకుండా దొరికిన పిల్లాడినో ప్రయాణ సమయం పోను 24 గంటల్లో ఆ సమితి ముందుకు తీసుకెళ్లాలి. సమితిలో అధ్యక్షులు, నలుగురు సభ్యులు ఉంటారు. ఆ రోజు వాళ్లు కూర్చోకపోతే ఒక్క సభ్యుడి దగ్గరికి తీసుకెళ్లినా సరిపోతుంది. "ఇవాళ సెలవు, సోమవారం రండి" అని ఎవరైనా అంటే ఈ సంగతి గుర్తుచేయాలి.

ఈ ఆటకు రెండు గంటలు పడుతుంది. పట్టనివ్వండి.

పిల్ల చెప్పేటప్పుడు మన నోటి వెంట ఏం రావాలి

చట్టం తెలిసినా ఇక్కడే తప్పటడుగు పడుతుంది. ఇద్దరిద్దరిని జంటలుగా కూర్చోబెట్టి ఒకరిని టీచరుగా, ఒకరిని పిల్లగా చేయించండి. పిల్లగా చేసేవాళ్లకు లైంగిక వేధింపు సంఘటన ఇవ్వకండి. ఆ హాల్లో కూర్చున్నవాళ్లలో చిన్నప్పుడు అలాంటిది ఎదురైనవాళ్లు ఉండొచ్చు. "నేను హాస్టల్ నుంచి ఎందుకు పారిపోవాలనుకున్నానంటే" లాంటి తేలిక సంగతి చాలు. నేర్చుకోవాల్సింది సంగతిని కాదు, వినే పద్ధతిని.

పలకలు రెండు పెట్టి ఒకదాని మీద అనకూడని మాటలు వాళ్ల చేతే రాయించండి. "అక్కడికెందుకెళ్లావ్?" "అప్పుడే ఎందుకు చెప్పలేదు?" "నిజమేనా? ఆయన చాలా మంచోడే!" "అయ్యో దేవుడా!" ఈ చివరిదానికి అందరూ నవ్వుతారు గానీ, పిల్ల చెప్పడం ఆపేసేది ఎక్కువగా దానికే. ఎదుటివాళ్లు తట్టుకోలేకపోతున్నారని పిల్లలు ఇట్టే పసిగడతారు.

రెండో పలక మీద అనదగ్గవి. "నాతో చెప్పావు, మంచి పని చేశావమ్మా." "ఇందులో నీ తప్పేం లేదు." "ఇంకేమైనా చెప్పాలనుందా?" ఇంతకన్నా పెద్దగా అక్కర్లేదు. ఎప్పుడు, ఎలా, ఎన్నిసార్లు అని తవ్వడం పోలీసుల పని. దానికీ పద్ధతుంది: పిల్ల ఇంట్లోనో, తనకు ఇష్టమైన చోటో, వీలైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా వాంగ్మూలం తీసుకోవాలి. రాత్రిపూట పిల్లలను స్టేషన్‌లో ఉంచకూడదు.

చాలామంది చేసే పొరపాటు ఇంకోటి: "ఎవరికీ చెప్పను, ఒట్టు" అనేయడం. చెప్పాల్సిన బాధ్యత చట్టమే పెట్టినప్పుడు ఆ ఒట్టు గంటలో తప్పాల్సి వస్తుంది. దానికి బదులు "నీకు సాయం చేయగలిగిన ఒకరిద్దరికి మాత్రమే చెబుతాను, ఎవరికి చెబుతున్నానో నీకు ముందే చెబుతాను" అనమనండి. జంటల్లో ఈ ఒక్క వాక్యాన్ని నాలుగైదుసార్లు పైకి అనిపించండి. పుస్తకంలో చదివితే నోటికి రాదు.

తర్వాత రాయడం. పిల్ల అన్న మాటలు పిల్ల మాటల్లోనే, తేదీ, టైముతో ఒక తెల్లకాగితం మీద. మన ఊహలు, విశేషణాలు వద్దు. "బాగా భయపడినట్టుంది" కన్నా "మాట్లాడుతున్నంతసేపూ పైట కొంగు చుట్టుకుంటూనే ఉంది" అన్నది పనికొస్తుంది.

మాస్టార్లు వాదిస్తారు, పోలీసులు విసుక్కుంటారు

మధ్యాహ్నం కునుకు వేళ బడిలో కొట్టడం గురించి పెట్టండి, ఎవరూ నిద్రపోరు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షను, మానసిక వేధింపును రెండింటినీ నిషేధించింది. ఇది చెప్పగానే ఎవరో ఒకరు "దండం దశగుణం భవేత్" అంటారు. ఇంకొకరు "మేం దెబ్బలు తిని చదువుకోలేదా" అంటారు. ఎదురువాదనకు దిగితే సాయంత్రం వరకు అదే. నేనైతే ఒకటి అడుగుతాను: "మీకు గోడకుర్చీ వేయించిన మాస్టారి పేరు గుర్తుందా?" అందరికీ గుర్తుంటుంది. "ఆ రోజు చెప్పిన పాఠం?" ఎవరికీ గుర్తుండదు. అక్కడితో ఆపి, 50 మంది ఉన్న క్లాసును కొట్టకుండా ఎలా అదుపులో పెట్టాలో తెలిసిన టీచరు ఒకరు ఆ మండలంలోనే ఉంటారు కదా, వాళ్లచేత పావుగంట చెప్పించండి. అదే టీచర్ల అసలు సమస్య, దాన్ని తీసిపారేయకూడదు.

పోలీసులకు ఉపన్యాసం వద్దు. వాళ్లకు కావాల్సింది కాగితం: వయసు నిర్ధారణకు ఏది చెల్లుతుంది? జువైనల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్ వరస చెబుతుంది. ముందు బడి ఇచ్చిన పుట్టినతేదీ ధ్రువపత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆ వరసలో ఆధార్ లేదు. పెళ్లి ఆపడానికి వెళ్తే ముందురోజే తేదీ మార్పించిన ఆధార్ కార్డు చూపించేవాళ్లున్నారు కాబట్టి ఇది కార్యదర్శులకూ, అంగన్‌వాడీ టీచర్లకూ కూడా కంఠతా రావాలి.

ఊళ్లో: టెంట్ హౌస్ నుంచి మొదలుపెట్టండి

సాయంత్రం ఏడు తర్వాత, పొలం పనుల నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాక. ముందురోజు దండోరా వేయించండి. ఆడవాళ్ల కోసం డ్వాక్రా మీటింగ్ రోజే వెళ్తే విడిగా పిలవక్కర్లేదు. మగవాళ్లు మీటింగ్‌కు రారు, వాళ్లున్న టీ కొట్టుకు, రచ్చబండకు మీరే వెళ్లాలి.

అందరికన్నా ముందు కలవాల్సినవాళ్లు వేరే ఉన్నారు. ఊళ్లో పెళ్లి సంగతి అధికారుల కన్నా ముందు టెంట్ హౌస్ వాడికి, వంటమేస్త్రికి, ఫొటోగ్రాఫరుకు, ముహూర్తం పెట్టే పంతులుగారికి తెలుస్తుంది. పాస్టరుకు, ఖాజీకి కూడా. వీళ్లందరినీ ఒక గంట కూర్చోబెట్టండి. బాల్యవివాహ నిషేధ చట్టం 2006 ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. పెళ్లి జరిపించినవాళ్లకూ, దానికి తోడ్పడినవాళ్లకూ రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు. బెదిరించినట్టు కాకుండా, వాళ్ల వ్యాపారానికి పనికొచ్చే సలహాలా చెప్పండి: అడ్వాన్స్ తీసుకునే ముందు పదో తరగతి సర్టిఫికెట్ జిరాక్స్ అడగండి, అంతే. ఒక ఫొటోగ్రాఫరు ఇలా అడగడం మొదలుపెట్టాక అతనికి బేరాలు పోయాయి, పక్క మండలం ఫొటోగ్రాఫర్ని పిలుచుకున్నారు. అందుకే ఒక్క ఊళ్లో కాకుండా మండలం మొత్తం ఒకేసారి చేయాలంటున్నాను.

తల్లుల దగ్గర చట్టం ముందు తీయకండి. "వయసొచ్చిన పిల్లను ఇంట్లో పెట్టుకుని మేం కూలికి పోతే ఎవరు కాపలా? ఏదైనా జరిగితే?" ఈ టెన్షన్ నిజమైనది. దానికి జవాబుగా చూపించడానికి మీ చేతిలో ఏదో ఒకటి ఉండాలి: కేజీబీవీలో (ఆడపిల్లల ప్రభుత్వ ఆశ్రమ బడి) సీటు, గురుకులం దరఖాస్తు తేదీ, కాలేజీకి బస్సు వేళలు. తెలంగాణలోనైతే కల్యాణలక్ష్మి కింద వచ్చే 1,00,116 రూపాయలకు అమ్మాయికి 18 నిండి ఉండాలన్న సంగతి చాలా ఇళ్లలో లెక్కలోకి వస్తుంది. పెళ్లి అయిపోయినా దారి మూసుకుపోదని కూడా చెప్పండి. మైనారిటీ తీరిన రెండేళ్ల లోపు ఆ పెళ్లిని రద్దు చేయమని కోర్టును అడిగే హక్కు చిన్నప్పుడు పెళ్లయిన ఆ వ్యక్తికి ఉంటుంది.

గ్రామ బాలల పరిరక్షణ కమిటీ కాగితం మీద ఉంటుంది, సర్పంచే అధ్యక్షులు. అందులో ఇద్దరు పిల్లలు సభ్యులుగా ఉండాలని కూడా ఉంది, వాళ్ల పేర్లేమిటో అడిగి చూడండి. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో పిల్లలకు అనువైన పంచాయతీ అన్నది ఒక అంశం. అందులో బడి మరుగుదొడ్డికి తలుపో, దారిలో ఒక వీధి దీపమో పెట్టించగలిగితే ఆ సాయంత్రం మీటింగ్ వృథా పోనట్టే.

పిల్లలతో

25 మందికి మించకుండా, ఐదు లోపు తరగతులు విడిగా, ఆరు నుంచి ఎనిమిది విడిగా, ఆపైవాళ్లు విడిగా. "మీకు ఎన్ని హక్కులున్నాయి?" అని మొదలుపెడితే క్విజ్ అయిపోతుంది. బతకడం, ఎదగడం, రక్షణ, పాల్గొనడం అని నాలుగు గడులు గీసి, "నిన్నటి రోజు మీకు నచ్చని సంగతి ఒకటి చెప్పండి" అనండి. అది ఏ గడిలో పడుతుందో వాళ్లే తేల్చుకుంటారు. ఒక బడిలో ఆరో తరగతి పిల్లాడు "మా బడిలో ఆడపిల్లలకే ఊడ్చే పని వేస్తారు" అన్నాడు, నాలుగు గడుల్లో దేంట్లో వేయాలో పావుగంట కొట్టుకున్నారు.

చిన్నవాళ్లకు తాకడం గురించి చెప్పేటప్పుడు మంచి, చెడు అనే మాటలకన్నా "నీకు ఇబ్బందిగా అనిపించే తాకడం" అనడం మేలు. చేసేవాడు చాలాసార్లు చాక్లెట్ ఇచ్చే మనిషే. ఒంటి భాగాల పేర్లు ఇంట్లో వాడే మాటల్లోనే చెప్పండి, చెప్పే మీరే సిగ్గుపడితే ఆ పాఠం వద్దు, ఏఎన్‌ఎం చేత చెప్పించండి. 1098ని "పది, తొమ్మిది, ఎనిమిది" అని వెనక్కి లెక్కపెట్టినట్టు నేర్పితే ఒకటో తరగతి పిల్లలకూ వస్తుంది.

ఫిర్యాదుల పెట్టె పెడితే తాళంచెవి హెచ్‌ఎం దగ్గర ఉండకూడదు. ఎందుకో చెప్పక్కర్లేదనుకుంటాను. ఆఫీసు గది ముందు కాకుండా మంచినీళ్ల దగ్గర పెట్టండి.

క్లాసు అయ్యాక వెంటనే వెళ్లిపోవద్దు. అరగంట చెట్టు కింద కూర్చోండి. చెప్పాల్సింది ఉన్న పిల్ల అందరూ వెళ్లాక వస్తుంది, తన స్నేహితురాలికి జరిగినట్టు మొదలుపెడుతుంది.

ఫొటోల దగ్గర మేం చేసిన తప్పు

ఒక బాల్యవివాహం ఆగింది. మా టీమ్‌లో అందరికీ సంతోషం. ఆ పిల్ల పక్కన అధికారులు నిలబడ్డ ఫొటో మాలో ఒకరు వాట్సాప్ గ్రూపులో పెట్టారు, గంటలో అది ఊరి గ్రూపుకు చేరింది, మర్నాడు ఊరి పేరుతో సహా వార్త వచ్చింది. ఆ పిల్ల మళ్లీ ఆ బడికి రాలేదు, వేరే ఊళ్లో మేనమామ ఇంటికి పంపేశారు. తప్పు మాదే. జువైనల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఇలాంటి పిల్లల పేరు, చిరునామా, బడి, ఫొటో, గుర్తుపట్టగలిగే ఏ వివరమూ బయటపెట్టకూడదు. ఆరు నెలల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా లేదా రెండూ ఉంటాయి. అప్పట్నుంచి మా పిల్లల క్లాసుల్లో ఫోన్లన్నీ ఒక బుట్టలో వేసి లోపలికి వెళ్తాము. రిపోర్టుకు ఫొటో కావాలంటే తాడు ఫొటో, చీటీల ఫొటో తీసి పంపిస్తాము. ముఖానికి మసక వేస్తే చాలనుకోకండి, ఊళ్లో గౌను చూసి గుర్తుపడతారు.

విలేకరులను కూడా ఒక గంట విడిగా కూర్చోబెట్టండి. "మైనర్ బాలిక" అని రాసి పక్కనే తండ్రి పేరు రాసేవాళ్లకు ఆ రెండూ కలిపితే ఏమవుతుందో చూపిస్తే చాలు.

మూడు నెలల తర్వాత

సాయంత్రం ఇచ్చే ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో అందరూ "చాలా బాగుంది" అనే రాస్తారు, వాటిని నమ్ముకోవద్దు. మూడు నెలలకు ఆ 35 మందికీ ఫోన్ చేసి మూడే ప్రశ్నలు అడగండి. నంబర్ల అట్ట ఇప్పుడు ఎక్కడుంది? స్టేషన్‌లో బాలల సంక్షేమ పోలీసు అధికారి ఎవరు? ఈ మధ్య ఏ పిల్లయినా మీతో ఏదైనా చెప్పిందా, చెబితే ఏం చేశారు? పిల్ల పేరు చెప్పొద్దని ముందే అనండి.

మీ మండలం నుంచి ఫోన్లు, ఫిర్యాదులు పెరిగితే పైవాళ్లు కంగారుపడతారు, "ఇదేంటి, శిక్షణ ఇచ్చాక కేసులు ఎక్కువయ్యాయి?" అని అడుగుతారు. ముందే చెప్పి పెట్టుకోండి, మొదటి ఏడాది పెరగాలి. ఇన్నాళ్లూ చెప్పుకోనివి బయటికొస్తున్నాయి.

బదిలీలు అయ్యాక కొత్తగా వచ్చిన ఎస్సైని, వార్డెన్లను, కార్యదర్శులను మళ్లీ కలవాలి. తాడు పారేయకండి, అది పదేళ్లొస్తుంది.

ఇక గోడలు. బడి గోడ మీద, పంచాయతీ ఆఫీసు మీద 1098 రాయించి ఉంటారు కదా, సంక్రాంతికి సున్నాలేసేటప్పుడు అది కిందికి పోతుంది. పండగ మర్నాడు ఒక డబ్బా నీలంరంగు, రెండంగుళాల బ్రష్షు పట్టుకుని ఊళ్లు తిరగండి. అంకెలు జానెడు ఎత్తుండాలి, అయిదో తరగతి పిల్లల కళ్లకు ఎదురుగా రావాలి, అంటే మీరు గొంతుక్కూర్చుని రాయాలి.